ఊరు ఇటు, పల్లెలు అటు



భద్రాచలంలో పర్ణశాల బస్సెక్కిన యాత్రికుడికి తెలియకుండానే ఒక విచిత్రం జరిగిపోతుంది. ఊరు దాటీ దాటగానే తెలంగాణ అయిపోతుంది. యేటపాక వస్తుంది. అది ఆంధ్రప్రదేశ్. ఇంకొంత ముందుకు పోతే మళ్లీ తెలంగాణ. బస్సు మారదు, కండక్టరు మారడు, రోడ్డుకు రెండు పక్కలా కనిపించే చేలూ మారవు. యేటపాక వాళ్లకు మాత్రం చాలా మారింది. 2014 మే నెల దాకా వాళ్లది ఖమ్మం జిల్లా, భద్రాచలం మండలం. ఆ తరవాత తూర్పు గోదావరి జిల్లా అన్నారు. ఆ పైన అల్లూరి సీతారామరాజు జిల్లా అన్నారు. ఇల్లు కదల్లేదు, జిల్లాలు కదిలాయి.

ఈ పూట నేను చెప్పబోయేది ఆ పాత భద్రాచలం మండలం గురించి. మండలం పేరు రికార్డుల్లో ఇప్పటికీ ఉంది. అందులో మిగిలింది మాత్రం రాముడి గుడి ఉన్న ఊరొక్కటే. నెల్లిపాక, గౌరిదేవిపేట, తోటపల్లి, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు, యేటపాక, వాటి చుట్టూ ఉన్న కోయ గూడేలు, అన్నీ పక్క రాష్ట్రానికి వెళ్లిపోయాయి. పట్నం పెరిగి శివారు పల్లెల్ని మింగేయడం అంతటా చూస్తాం. శివార్లన్నీ తెగిపోయి పట్నం ఒంటరిగా మిగలడం ఎక్కడో గానీ చూడం.

దీన్ని రెండు రాష్ట్రాల తగవుగా, 2014లో మొదలైన గొడవగా చెప్పుకోవడం అలవాటైపోయింది. కథ అంతకంటే చాలా పాతది. ఈ అడవి అంచున హద్దు మారిన పెద్ద సందర్భాలు రెండు. ఒకటి 1860, రెండోది 2014. రెండుసార్లూ హద్దు గీసినవాళ్ల కళ్లు గోదావరి నీళ్ల మీదే ఉన్నాయి. ఒడ్డున ఉన్న ఊళ్లు ఎవరి లెక్కలోకీ రాలేదు.

పాత సంగతుల్లోకి వెళ్దాం. ఈ అడవిలో కోయ ఊళ్లకు తమదంటూ ఒక ఏర్పాటు ఉండేది. కొన్ని ఊళ్లు కలిస్తే ఒక సముతు. దానికొక దొర. ఊరికొక పెద్ద. తగాదాలూ పెళ్లిళ్లూ పండగలూ ఆ లెక్కలోనే నడిచేవి. శిస్తు వసూలు పైవాళ్ల పని. గోల్కొండ కాలంలో ఈ వైపు పాల్వంచ పరగణా. తానీషా కొలువులో ఆ పరగణాకు తహసీల్దారుగా వచ్చిన కంచర్ల గోపన్న ఏం చేశాడో, ఏ జైలుకు వెళ్లాడో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఒక్క మాట మాత్రం అనాలనిపిస్తుంది. ఇక్కడ వసూలైన సొమ్మును ఇక్కడే ఖర్చుపెట్టిన అధికారిగా చరిత్రలో నిలిచినవాడు ఆయనొక్కడే. ఆయన్ను అందుకే జైల్లో వేశారు.

అటు తరవాత అసఫ్‌జాహీల పాలన. 1860 దాకా గోదావరికి రెండు ఒడ్లూ నిజాంవే. ఆ ఏడాది డిసెంబరులో బ్రిటిష్ వాళ్లకూ నిజాముకూ ఒక ఒప్పందం కుదిరింది. నిజాం బాకీ రద్దయింది. రాయచూరు, ధారాశివ్ జిల్లాలు ఆయనకు తిరిగి దక్కాయి. బదులుగా గోదావరి, వైన్‌గంగ నదుల ఎడమ ఒడ్డున ఉన్న తాలూకాలు కంపెనీ వారసులకు చెందాయి. రేకపల్లి, భద్రాచలం, చర్ల, ఆల్బాక, నూగూరు, సిరోంచ అని ఒప్పందంలో పేరు పేరునా రాసుకున్నారు. గోదావరి మీద నడిచే సరుకుకు సుంకం ఉండకూడదని కూడా రాసుకున్నారు. అసలు గుట్టు అక్కడుంది.

అప్పట్లో సర్ ఆర్థర్ కాటన్ ఒక పెద్ద ఊహలో ఉన్నాడు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టి పేరు తెచ్చుకున్న మనిషి. గోదావరి మీదుగా పడవల్లో మధ్య భారతం లోపలికి పోవచ్చు, నాగపూరు వైపు పత్తిని సముద్రం దాకా నీటి మీదే తేవచ్చు అన్నది ఆయన వాదం. అడ్డమల్లా నదిలోని రాతి బండలే. మొదటి అడ్డు దుమ్ముగూడెం దగ్గర. అక్కడ ఆనకట్ట, లాకులు, పడవల కాలువ కట్టడం మొదలుపెట్టారు. పని జరగాలంటే కనీసం ఒక ఒడ్డు చేతిలో ఉండాలి. ఆ ఒడ్డు మీద భద్రాచలం ఉంది. కాబట్టి భద్రాచలం చేతులు మారింది.

అలా పుట్టినదే ఎగువ గోదావరి జిల్లా. కేంద్రం సిరోంచ. మరుసటి ఏడాది ఏర్పడ్డ సెంట్రల్ ప్రావిన్సెస్‌లో అది భాగమైంది. నాగపూరులో పెద్ద దొర, సిరోంచలో చిన్న దొర, భద్రాచలంలో రాముడు. తెలుగు మాట్లాడే ఊళ్లకు, కోయ మాట్లాడే గూడేలకు నాగపూరు ఎంత దూరమో మీరే ఊహించుకోండి.

పడవల పథకం చివరికి పారలేదు. ఎండాకాలం గోదావరిలో నీళ్లు చాలవు. రైళ్లు వచ్చేశాయి. ఖర్చు తడిసి మోపెడయింది. 1871లో పనులు ఆపేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట ఇప్పటికీ ఉంది, వెళ్లి చూడొచ్చు. పథకం పోయాక జిల్లాకు పనేముంది? 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాకు అప్పగించేశారు. ఎగువన ఉన్న నూగూరు, చర్ల, ఆల్బాక మరికొన్నేళ్లు సెంట్రల్ ప్రావిన్సెస్‌లోనే ఉండి, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్రాసులో కలిశాయి.

కాగితం మీద జిల్లా మారితే అడవిలో ఏం మారుతుంది? రేకపల్లి వైపు కొండరెడ్లకు, కోయలకు మారింది గొడ్డలి పన్ను. పోడు కొట్టుకునేవాళ్ల దగ్గర సెంట్రల్ ప్రావిన్సెస్ సర్కారు గొడ్డలికి ఇన్ని అణాలని వసూలు చేసేది. గొడ్డలికి 4 అణాలు కట్టేస్తే అడవి ఎంతైనా కొట్టుకోవచ్చు. మద్రాసు సర్కారు వచ్చాక పన్ను దాదాపు మూడింతలైంది. పైగా కొన్ని అడవుల్లోకి గొడ్డలి తీసుకుపోవడానికే వీల్లేదన్నారు. 1879లో రంప కొండల్లో ముఠాదార్లనే కొండ దొరల తిరుగుబాటు లేచినప్పుడు రేకపల్లి కూడా అంటుకుంది. అంబుల్‌రెడ్డి అనే నాయకుడు అక్కడి జనాన్ని కూడగట్టాడు. రంప వాళ్ల కోపం వేరు, కల్లు మీద పన్ను, రంప జమీందారైన మన్సబ్‌దారు జులుం. రేకపల్లి వాళ్ల కోపం వేరు, జిల్లా మారగానే పెరిగిన గొడ్డలి పన్ను. ఈ ముక్కను 1907లో అచ్చయిన గోదావరి జిల్లా గెజిటీరులో హెమింగ్వే అనే ఐసీఎస్ అధికారే రాశాడు. రాసింది సర్కారు మనిషి కాబట్టి గిరిజనుల పక్షం వహించాడని ఎవరూ అనలేరు.

ఈ ఉదంతం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాను, కారణం ఉంది. జిల్లా మార్పంటే మనకు బోర్డులు, ముద్రలు, ఫారాలు గుర్తొస్తాయి. అడవి ఊళ్లకు జిల్లా మార్పంటే పన్ను రేటు, అడవి మీద హక్కు, ఫారెస్టు వాడి మాట తీరు. ఇవి మారితే బతుకు మారుతుంది.

ఆ తరవాత చాలాకాలం భద్రాచలం తాలూకా గోదావరి ఏజెన్సీ. మామూలు చట్టాలు పట్టని నేల. కలెక్టరే గవర్నరు ఏజెంటు. గోదావరి జిల్లా 1925లో విడిపోయి తూర్పు గోదావరి అయినా ఇక్కడేమీ మారలేదు. జిల్లా కేంద్రం కాకినాడ. రాజమండ్రి నుంచి పడవలో పాపికొండల నడుమ ఎదురీదుతూ రావాలి. ఎదురు ఒడ్డున బూర్గంపాడు నిజాం రాజ్యం. నది దాటితే హాలీ సిక్కా చెల్లుతుంది, ఇవతల బ్రిటిష్ రూపాయి చెల్లుతుంది. అవతల కరోడ్‌గిరీ అనే సుంకం శాఖ వాళ్లు సరుకు తనిఖీ చేస్తారు. గుడి బ్రిటిష్ నేల మీద ఉన్నా నిజాం ఖజానా నుంచి దానికి సొమ్ము అందేది. దేవుడికి మాత్రం సరిహద్దు అడ్డురాలేదు.

ఇంకో చమత్కారం చెప్పి ముందుకు పోతాను. నిజాం రాజ్యంలో బొగ్గు కోసం డోర్నకల్లు నుంచి కొత్తగూడేనికి రైలు మార్గం వేశారు. ఆఖరి స్టేషనుకు భద్రాచలం రోడ్ అని పేరు పెట్టారు. అక్కడ దిగితే భద్రాచలం ఇంకా నలభై కిలోమీటర్ల దూరం, మధ్యలో గోదావరి. పేరు ఒకచోట, ఊరు ఒకచోట ఉండటం మనకు కొత్తేమీ కాదు.

స్వాతంత్ర్యం వచ్చింది. నిజాం రాజ్యం పోయింది. 1953 అక్టోబరు 1న వరంగల్లు జిల్లా నుంచి విడిపోయి ఖమ్మం జిల్లా పుట్టింది. అదే రోజు మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం పుట్టింది. అంటే నది కుడి ఒడ్డు హైదరాబాదు రాష్ట్రంలో ఖమ్మం జిల్లా, ఎడమ ఒడ్డు ఆంధ్ర రాష్ట్రంలో తూర్పు గోదావరి జిల్లా. 1956లో రెండూ ఒకే రాష్ట్రమయ్యాయి. 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలను తూర్పు గోదావరి నుంచి తీసి ఖమ్మంలో కలిపారు. దగ్గరి ఊరిని దగ్గరి జిల్లాలో కలపడమే ఇది. ఈ కథలో మనుషుల సౌకర్యం చూసి చేసిన మార్పు ఇదొక్కటే అని నా అభిప్రాయం. విచిత్రమేమిటంటే, తరవాత గొడవంతా దీన్ని పట్టుకునే వచ్చింది. 1956కు ముందు భద్రాచలం ఆంధ్రదే కదా అని ఒక వాదం. 1860కి ముందు తెలంగాణదే కదా అని ఇంకో వాదం. ఇద్దరూ చరిత్రే మాట్లాడుతున్నారు. ఎవరికి కావలసిన ఏడాది దగ్గర వాళ్లు ఆగుతున్నారు.

1965లో సారపాకకూ భద్రాచలానికీ మధ్య గోదావరి మీద వంతెన పూర్తయింది. రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. అంతకు ముందు వరదొస్తే పడవ లేదు, పడవ లేకపోతే ఖమ్మం లేదు. జిల్లాలో కలిపిన ఆరేళ్లకు గానీ జిల్లాకు దారి పడలేదన్నమాట.

ఇక స్థానిక పాలన సంగతి. 1959లో పంచాయతీ సమితులు వచ్చాయి. సమితి అంటే పెద్ద ప్రాంతం. చింతూరు అవతలి గూడెం మనిషి భద్రాచలం రావాలంటే ఒక పూట కాదు, ఒక రోజు. 1985లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తాలూకాలను రద్దు చేసి మండలాలు పెట్టింది. రాష్ట్రంలోని 330 సమితుల స్థానంలో 1104 మండలాలు వచ్చాయి. పాత భద్రాచలం తాలూకా భద్రాచలం, దుమ్ముగూడెం, కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు మండలాలుగా విడిపోయింది. నూగూరు తాలూకా చర్ల, వెంకటాపురం, వాజేడు అయింది.

మండల వ్యవస్థను మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు, నాయకులను పెంచే ఏర్పాటని ఎగతాళి చేసినవాళ్లూ ఉన్నారు. భద్రాచలం మండలం వరకు చూస్తే ఆ కొలత సరిగ్గా సరిపోయిందని నేనంటాను. పొద్దున గుండాల నుంచి బయల్దేరిన ఆమె కూరగాయలు అమ్ముకుని, ఎమ్మార్వో ఆఫీసులో కులం సర్టిఫికెట్టు పని చూసుకుని, పెద్దాసుపత్రిలో మందులు తీసుకుని, మధ్యాహ్నం బువ్వ వేళకు ఇల్లు చేరొచ్చు. సంత, ఆఫీసు, ఆసుపత్రి, కాలేజీ, ఐటీడీఏ అన్నీ ఒకే ఊళ్లో. పట్నానికి పాలు, కూరలు, కట్టెలు, కూలి చేతులు పల్లెల నుంచి. పల్లెలకు సర్కారు, డాక్టరు, సినిమా పట్నం నుంచి. మండలం హద్దు, రోజువారీ తిరుగుడు హద్దు ఒకటే. పాలనా విభాగాన్ని ఇంతకంటే ఏ గీటురాయి మీద గీసి చూడాలి?

మండలం పుట్టిన మరుసటి ఏడాదే, 1986 ఆగస్టులో, గోదావరి దాన్ని పరీక్షించింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు వెళ్లింది. ఇప్పటికీ అదే రికార్డు. 43 అడుగులు మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. ఈ మూడు అంకెలు ఇక్కడి పిల్లలకు ఎక్కాలకంటే ముందు వస్తాయి. పట్నాన్ని కాపాడటానికి కరకట్ట లేచింది ఆ వరద తరవాతే. 1990లో మళ్లీ 70 అడుగులు దాటింది. అన్నిసార్లూ పట్నం, పల్లెలు ఒకే తహసీల్దారు కింద తడిశాయి, ఒకే చోట బియ్యం తీసుకున్నాయి.

ఇప్పుడు 2014.

పోలవరం ప్రాజెక్టు పూర్తయితే గోదావరి, శబరి వెనక్కి తన్ని ఖమ్మం జిల్లాలోని ఊళ్లను ముంచుతాయి. మునిగేది తెలంగాణలో ఉంటే ప్రాజెక్టుకు అడుగడుగునా పేచీ అన్నది ఆంధ్ర వాళ్ల భయం. అందుకే రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టంలోనే మునిగే రెవెన్యూ గ్రామాలను ఆంధ్రలో ఉంచారు. అయితే ఊరికొక ముక్కగా హద్దు గీస్తే నడవదు, మండలాలకు మండలాలే ఇవ్వాలన్నారు. మే 26న కేంద్రంలో కొత్త ప్రభుత్వం వచ్చింది. మే 29న ఆర్డినెన్సు వచ్చింది. జూన్ 2న తెలంగాణ రాష్ట్రం వచ్చింది. తెలంగాణ పుట్టడానికి నాలుగు రోజుల ముందే ఆ ఊళ్లు తెలంగాణ నుంచి వెళ్లిపోయాయన్నమాట. బంద్ జరిగింది. జులైలో పార్లమెంటు రెండు సభలూ బిల్లును ఆమోదించాయి.

చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు పూర్తిగా వెళ్లాయి. బూర్గంపాడు మండలంలో సారపాక, మోరంపల్లి బంజర లాంటి 12 ఊళ్లు మాత్రం మిగిలాయి. భద్రాచలం మండలానికి చట్టంలో ఒక చిన్న మినహాయింపు రాశారు. భద్రాచలం రెవెన్యూ గ్రామం తప్ప మిగతా మండలమంతా అని. గుడి ఉంది కాబట్టి ఊరిని కదిలించలేకపోయారు. మునగబోయే ఊరా, కాదా అన్నది యేటపాక లాంటి పట్నం ఆనుకుని ఉన్న ఊళ్ల విషయంలో ఎవరూ పెద్దగా అడగలేదు. ఢిల్లీలో గీసే గీతకు రెవెన్యూ గ్రామం పేరే కనిపిస్తుంది. ఊరి చివరి వీధి పక్క పంచాయతీలో ఉందన్న సంగతి పటంలో కనిపించదు.

అప్పుడు జరిగిన ఇంకో వింతను మాత్రం చెప్పకుండా దాటలేను. ఏప్రిల్ 30న ఈ మండలాల జనం తెలంగాణ ప్రాంతం కింద ఓటు వేశారు. భద్రాచలం శాసనసభ స్థానం నుంచి సీపీఎం అభ్యర్థి సున్నం రాజయ్య గెలిచారు. నెల తిరిగేసరికి ఓటర్లలో చాలామంది ఆంధ్రప్రదేశ్ వాసులు. వాళ్ల ఎమ్మెల్యే కూర్చున్నది తెలంగాణ శాసనసభలో. వాళ్ల రేషన్ కార్డు, పింఛను, పంట నష్టం గురించి మాట్లాడవలసింది విజయవాడ వైపు. ఆంధ్ర శాసనసభలో వాళ్లు ఎన్నుకున్న మనిషి లేడు. తరవాతి ఎన్నికల నాటికి గానీ వాళ్లను రంపచోడవరం, పోలవరం నియోజకవర్గాల్లో చేర్చలేదు. ప్రజాస్వామ్యంలో ఓటరు ఒక రాష్ట్రంలో, ప్రతినిధి ఇంకో రాష్ట్రంలో ఉండే పరిస్థితి అన్నేళ్లు నడిచింది. దేశం దాన్ని పట్టించుకోలేదు, చిన్న జనం కదా.

వెళ్లిన పల్లెలకు ఒక మండలం కావాలి. మొదట నెల్లిపాక మండలం అన్నారు, తరవాత యేటపాక మండలం అన్నారు. యేటపాకను రెవెన్యూ డివిజన్ కేంద్రం చేశారు. జటాయువు పడ్డ చోటని చెప్పుకునే చిన్న ఊరు, నిన్నటి దాకా భద్రాచలానికి శివారు, రాత్రికి రాత్రి నాలుగు మండలాలకు పెద్ద ఊరైంది. జిల్లా కేంద్రం కాకినాడ. 1959కి ముందు తాతలు మొక్కుకుంటూ వెళ్లిన దారి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు విభజించినప్పుడు ఈ మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. కేంద్రం పాడేరు. యేటపాక నుంచి పాడేరుకు కొండలు చుట్టుకుంటూ పోవలసి వచ్చేది, రెండు వందల కిలోమీటర్లకు పైమాటే. కలెక్టరుకు అర్జీ ఇవ్వాలంటే ఒక రాత్రి అక్కడ పడుకోవలసి వచ్చేది. 2025 చివర్లో రంపచోడవరం కేంద్రంగా పోలవరం జిల్లా వచ్చింది. దూరం కొంత తగ్గింది. అయినా భద్రాచలం అంత దగ్గర ఏదీ కాదు. పదేళ్లు దాటినా కూరగాయల బుట్ట భద్రాచలానికే వస్తోంది. పురుటి నొప్పులొస్తే ఆటో భద్రాచలానికే పోతోంది.

ఎగువన పాత నూగూరు తాలూకా కూడా చెదిరిపోయింది. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడినప్పుడు వాజేడు, వెంకటాపురం జయశంకర్ భూపాలపల్లిలోకి పోయాయి. 2019లో ములుగు జిల్లాలో చేరాయి. 1860 ఒప్పందంలో వరసగా రాసుకున్న ఎడమ ఒడ్డు తాలూకాలు ఇప్పుడు మూడు రాష్ట్రాల్లో ఉన్నాయి. సిరోంచ మహారాష్ట్రలో ఉంది.

ఇక మిగిలిన పట్నం గోడు వినండి. 2011 జనాభా లెక్కల్లో భద్రాచలం జనం 50,087. అంత ఊరు గ్రామ పంచాయతీ. మునిసిపాలిటీ ఎందుకు కాదంటే, ఇది అయిదో షెడ్యూల్ ప్రాంతం. రాజ్యాంగంలో మునిసిపాలిటీల భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు దానంతటది వర్తించదు, పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేయాలి. పంచాయతీల కోసం 1996లో పెసా చట్టం చేశారు. పట్టణాల కోసం అలాంటిది ఇంతవరకూ రాలేదు. పాల్వంచ, మణుగూరు మునిసిపాలిటీలయితే అయ్యాయి గానీ ఏళ్ల తరబడి వాటికి ఎన్నికలు జరగలేదు. పంచాయతీగా ఉంటే సర్పంచి పదవి గిరిజనులకు ఖాయం. మునిసిపాలిటీ అయితే ఆ పట్టు పోతుందన్న అనుమానం గిరిజన సంఘాలకు ఉంది. ఆ అనుమానాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. గిరిజనేతరుల చేతికి నేల పోకుండా ఆపే 1970 నాటి ఒకటిబై డెబ్భై రెగ్యులేషన్ ఉన్నా ఈ ఊళ్లో నేల ఎవరెవరి చేతుల్లోకి వెళ్లిందో చూసినవాళ్లకు ఆ భయం అర్థమవుతుంది.

2022 డిసెంబరులో ఈ పంచాయతీని కూడా మూడు ముక్కలు చేస్తూ ఉత్తర్వు వచ్చింది. భద్రాచలం, సీతారామనగర్, శాంతినగర్ అని. మండలం పోయి ఊరు మిగిలిందనుకుంటే, ఊరిని కూడా పంచేస్తారా అని పట్నం భగ్గుమంది. పార్టీలన్నీ ఒక్కటై వ్యతిరేకించాయి. పక్క పల్లెలను విడదీసినప్పుడు కూడా పట్నం ఇంత గట్టిగా అరిచి ఉంటే బాగుండేదేమోనని నాకనిపిస్తుంది.

పట్నానికి ఊపిరాడకపోవడం చాలా మామూలు విషయాల్లో తెలుస్తుంది. చెత్త వేయడానికి చోటు లేదు. ఇదివరకు శివారులో ఎక్కడో వేసేవాళ్లు, ఇప్పుడు శివారు పక్క రాష్ట్రం. గోదావరి ఒడ్డునే పోస్తున్నారని గోల. కొత్త కాలనీకి, బస్టాండు పెంచడానికి, ఇంకేదైనా కట్టడానికి నేల లేదు. రాముడి నేల కూడా చాలావరకు అటే పోయింది. పురుషోత్తపట్నంలో సీతారామచంద్రస్వామికి 889 ఎకరాల పైచిలుకు భూమి ఉంది. దేవుడు తెలంగాణ దేవాదాయ శాఖలో, దేవుడి మాన్యం ఆంధ్ర రెవెన్యూ శాఖలో. 2025 జులైలో ఆక్రమణలను ఆపడానికి వెళ్లిన ఆలయ కార్యనిర్వహణాధికారి మీద అక్కడ దాడి జరిగింది. ఒక రాష్ట్రం అధికారి ఇంకో రాష్ట్రం పోలీసులకు ఫిర్యాదు చేసుకోవలసి వచ్చింది. శ్రీరామనవమికి ఆంధ్ర ప్రభుత్వం తన అధికారిక ఉత్సవాన్ని కడప జిల్లా ఒంటిమిట్టకు మార్చుకోవడం అందరికీ తెలిసిన వార్త. మాన్యం మారడం అంత వార్త కాలేదు.

ఈ లోపల గోదావరి మళ్లీ వచ్చింది. 2022 జులై 16న భద్రాచలం దగ్గర 71.3 అడుగులు. ముప్ఫై ఆరేళ్ల తరవాత అంత నీరు. నీటిమట్టం చదివే కొలబద్ద భద్రాచలంలో, ఆ అంకె విని ఇల్లు ఖాళీ చేయవలసిన ఊళ్లు ఆంధ్రలో. నీళ్లకు హద్దు లేదు, సహాయానికి ఉంది. ఎవరి పడవ, ఎవరి బియ్యం, ఎవరి ఖాతాలో నష్టపరిహారం అన్న లెక్కలు మొదలయ్యాయి. వరద తీశాక యేటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు జనం మమ్మల్ని తెలంగాణలో కలపండని రోడ్డెక్కారు. భద్రాచలాన్ని చుట్టుకుని ఉన్న అయిదు పంచాయతీలివి. తెలంగాణ ప్రభుత్వం కూడా ఈ అయిదూ ఇవ్వమని అడుగుతూ వచ్చింది. 2024 జులై 6న హైదరాబాదు ప్రజాభవన్‌లో ఇద్దరు ముఖ్యమంత్రులు, రేవంత్ రెడ్డి, చంద్రబాబు నాయుడు కూర్చున్నప్పుడు ఆ అయిదు ఊళ్ల మాట వచ్చింది.

అడగడం వేరు, జరగడం వేరు. చట్టం చేసి తీసిన గీతను మళ్లీ చట్టంతోనే చెరపాలి. రాజ్యాంగం మూడో అధికరణం కింద పార్లమెంటు బిల్లు తేవాలి, రాష్ట్రాల శాసనసభల అభిప్రాయం తీసుకోవాలి. ఒక పంచాయతీ ఇస్తే ఇంకోచోట ఇంకో పంచాయతీ అడుగుతారన్న భయం ప్రభుత్వాలకు ఎప్పుడూ ఉంటుంది. పోలవరం నీటి నిలవ ఎత్తు మీద, వెనక నీటి మునక మీద రాష్ట్రాల మధ్య పేచీ తేలకుండా గీత జోలికి ఎవరూ పోరు. అంటే మళ్లీ నీళ్ల దగ్గరికే వచ్చాం.

నన్నడిగితే, అయిదు ఊళ్లు ఏ రాష్ట్రంలో ఉన్నా ఈలోగా చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. చెత్త వేసే చోటుకు, కరకట్టకు, వరద రోజుల్లో పడవలకు, ఆసుపత్రి ఖర్చుకు రెండు జిల్లాల కలెక్టర్లు కలిసి ఒక ఒప్పందం రాసుకోవచ్చు. 1860లో నిజాం, బ్రిటిష్ వాళ్లు నది మీద సుంకం ఉండకూడదని ఒక వాక్యం రాసుకోగలిగారు. వాళ్లకు పత్తి పడవలు నడవాలన్న ఆత్రం ఉంది. మనకు కనీసం 108 అంబులెన్సు హద్దు దగ్గర ఆగకూడదన్న ఆత్రం ఉండొద్దా? అలాంటి ఒప్పందానికి పార్లమెంటు అక్కర్లేదు, ఆర్డినెన్సు అక్కర్లేదు. ఇద్దరు అధికారులు యేటపాకలోనో భద్రాచలంలోనో ఒక పూట కూర్చుంటే చాలు, రెండూళ్ల మధ్య దూరం రెండు మూడు కిలోమీటర్లకు మించదు.